నేను చూడలేని హోటల్

రిటైరై వచ్చాక మా వీధిలో నాకొక పేరు పడింది, షేర్ల మాస్టారని. సాయంత్రం నడకకి వెళితే ఎవరో ఒకరు బండి ఆపి, ఫోన్ నా ముందు పెట్టి, "అంకుల్, ఈ కంపెనీ ఆస్తి విలువ కంటే తక్కువకే దొరుకుతోంది, కొనెయ్యనా?" అంటారు. వాళ్ళ మొహంలో కనిపించే సంబరం నాకు బాగా తెలిసిందే. లారీని దాని టైర్ల ధర కంటే తక్కువకి అమ్ముతుంటే ఎవరికైనా సంబరంగానే ఉంటుంది. ఆ లారీ తాళాలు ఎవరి జేబులో ఉన్నాయన్న ప్రశ్న మాత్రం తర్వాతెప్పుడో గుర్తొస్తుంది. నాకూ అలాగే గుర్తొచ్చింది. ఆ కథ మీకు చెబుతాను.

నేను సౌదీలో, ఖోబర్‌లో, ఒక కుటుంబం వాళ్ళ పెట్టుబడులు చూసే చిన్న ఆఫీసులో పనిచేసేవాణ్ణి. యజమానిని ఇక్కడ పెద్దాయన అంటాను. కుర్రతనంలో ఇనుము, టైల్స్ అమ్మి డబ్బు సంపాదించి, స్థలాలు కొని, ముసలితనంలో షేర్ల వైపు తిరిగిన మనిషి. కంపెనీల లెక్కలు చదివి, దేని విలువ ఎంతో ఆయనకి చెప్పడం నా ఉద్యోగం. లెక్కల కాగితాలు ఆయన ముట్టుకునేవాడు కాదు. గావా, అంటే అరబ్బీ కాఫీ, తాగుతూ, కళ్ళు సగం మూసుకుని వినేవాడు. నిద్రపోయాడనుకుని నేను ఒక పేజీ దాటేస్తే, అది ఎందుకు దాటేశావని అడిగేవాడు.

ఆ రోజుల్లో మా అందరి బతుకులూ రంగులమీద నడిచేవి. నితాకత్ అనే రూలు వచ్చాక ప్రతి కంపెనీకీ ఒక రంగు పడింది. సౌదీ ఉద్యోగులు తగినంతమంది ఉంటే ఆకుపచ్చ, తక్కువైతే పసుపు, మరీ తక్కువైతే ఎరుపు. ఎరుపులో పడ్డ కంపెనీ తన దగ్గరున్న విదేశీయుల ఇకామాలు, అంటే దేశంలో ఉండనిచ్చే కార్డులు, రెన్యూ చేయించలేదు. ఇకామా లేనివాడు ఆస్పత్రికి వెళ్ళాలన్నా భయమే, ఇంటికి రావాలన్నా కుదరదు. దాని వెనకే లెవీలొచ్చాయి. పనిచేసే ప్రతి విదేశీయుడికీ కంపెనీ కట్టాలి, పెళ్ళాంపిల్లల్ని దగ్గర పెట్టుకున్నవాడు వాళ్ళ తలకింతని తాను కట్టాలి. అది ఏటేటా పెరుగుతుందని కూడా ముందే చెప్పేశారు.

మా బిల్డింగు ఆ రెండేళ్ళలో ఖాళీ అయిపోయింది. లిఫ్టులో ఎప్పుడూ ఎవరిదో ఒకరి కార్గో పెట్టె ఉండేది. మా ఆవిడ అక్కడి ఇండియన్ స్కూల్లో లెక్కలు చెప్పేది. క్లాసులో పిల్లలు తగ్గుతూ వచ్చారు. ఒకరోజు ఆ లెవీల సంగతి నేను మెల్లగా ఎత్తబోతే, "రోజుకింతని కట్టి ఉండటానికి నేనేమైనా లాడ్జిలో దిగానా అండీ?" అని నవ్వేసింది. స్కూలు ఏడాది ముగియగానే అమ్మాయిని తీసుకుని కాకినాడ వచ్చేసింది. నవ్వుతూ వెళ్ళిందని రాయాలని ఉంది కానీ, ఎయిర్‌పోర్టులో నవ్వలేదు.

మా ఆఫీసు రంగు పసుపు. దాన్ని పచ్చగా చెయ్యడానికి మా మందూబ్, అంటే ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ తిరిగి పనులు చేయించే ఆయన, ఒక సౌదీ అమ్మాయిని ఉద్యోగంలో చేర్చాడు. ఖతీఫ్ ఊరి పిల్ల, ఫైనాన్స్ డిగ్రీ. ఇంట్లోనే ఉండమ్మా, జీతం బ్యాంకులో పడుతుందని ఆమెకి చెప్పాడట. అప్పట్లో చాలాచోట్ల జరిగేది అదే. పేరు రిజిస్టరులో ఉంటే చాలు, మనిషి అక్కర్లేదు. మొదటి రోజు ఉదయమే ఆమె ఆఫీసుకి వచ్చి, నా టేబుల్‌కి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏం పని చెయ్యాలని అడిగింది. మందూబ్ నన్ను చూశాడు, నేను మందూబ్‌ని చూశాను.

ఆమె నేర్చుకుంటే నేను అక్కర్లేదని నాకు తెలుసు. ఆమెకీ తెలుసు. ఆ సంగతి మా ఇద్దరిమధ్యా టేబుల్‌లాగే ఉండేది, దానిమీదే పనిచేసుకునేవాళ్ళం. నేను ఇంటికి ఫోన్ చేసి చెబితే మా ఆవిడ, "నేర్పకపోతే ఆవిడ నేర్చుకోవడమూ ఆగదు, మీరు ఇంటికి రావడమూ ఆగదు. నేర్పండి, పొద్దుపోతుంది," అంది. లెక్కల టీచరు కదా, ఎదురుగా కూర్చున్న పిల్లకి చెప్పకుండా ఉండటం ఆవిడకి అర్థమయ్యే విషయం కాదు.

అలవాటుకొద్దీ నేను ఆమెని అమ్మా అనేవాణ్ణి. కొన్నాళ్ళు ఊరుకుని, ఒకరోజు మొహమాటపడుతూ, "ఉస్తాద్, మీరు నన్నెందుకు మేనత్తా అని పిలుస్తారు?" అని అడిగింది. అరబ్బీలో అమ్మా అంటే తండ్రి చెల్లెలట. మావైపు కూతురి వయసు పిల్లనైనా అమ్మా అంటామని చెప్పాను. కాసేపు ఆలోచించి, అయితే అలాగే పిలవండి అంది.

ఇక హోటల్ కంపెనీ. దానికి ఖోబర్ సముద్రపు ఒడ్డున ఒక పాత హోటల్, జుబైల్‌లో ప్లాంటు షట్‌డౌన్ పనులకొచ్చే ఇంజనీర్ల కోసం ఒక హోటల్, పక్కనే కొంత ఖాళీ స్థలం, మక్కాలో పెద్ద మసీదు హరమ్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో మరో హోటల్ ఉన్నాయి. లెవీల దెబ్బకి కుటుంబాలు వెళ్ళిపోయాక ఖోబర్, జుబైల్ గదులు ఖాళీ పడ్డాయి. పైగా కంపెనీ ఎరుపులో పడింది. కొత్త వీసాలు రావు, ఉన్నవాళ్ళ కార్డులు రెన్యూ కావు. షేరు రోజురోజుకీ దిగిపోతోంది. అన్ని షేర్లూ కలిపి మొత్తం కంపెనీని కొనేసినా, ఒక్క మక్కా స్థలానికి అక్కడి రేటు ప్రకారం పలికే ధర కంటే తక్కువే అవుతుందని నాకు లెక్క తేలింది. కాగితాల్లో ఆ స్థలం ఎప్పుడో కొన్న పాత ధరకే ఉంది. అప్పులు పెద్దగా లేవు. మూడుసార్లు తిరగేసి చూసుకుని పెద్దాయన దగ్గరికి వెళ్ళాను.

ఆయన అంతా విని కళ్ళు తెరిచాడు. "ఆ హోటల్ నువ్వు చూశావా?" అన్నాడు.

చూడలేదన్నాను. నేను హిందువుని. మక్కాలోకి ముస్లింలకి తప్ప ప్రవేశం లేదు. ఒకసారి తాయిఫ్ వెళుతూ, మాలాంటి వాళ్ళని పక్క రోడ్డు పట్టమనే పెద్ద బోర్డు చూసి తిరిగిపోయాను, అంతే. ఇంకో చిత్రం, నాలాంటి విదేశీయుడికి ఆ కంపెనీ షేరు కొనుక్కునే వీలు కూడా అప్పట్లో లేదు. చూడలేను, కొనలేను, విలువ మాత్రం కడుతున్నాను. పెద్దాయనకి అది సరదాగా తోచింది. చాలాసేపు నవ్వి, నా ఎదురు కుర్చీ అమ్మాయి ఎక్కడ అని అడిగాడు. ఆమెకి కళ్ళున్నాయి కదా, వాడుకో అన్నాడు.

ముందు ఖోబర్ హోటల్ ఇద్దరం కలిసి చూశాం. అక్కడ ఏసీలు, ప్లంబింగ్, కరెంటు అన్నీ చూసే మెయింటెనెన్స్ మనిషి మనవాడే, జగిత్యాల దగ్గర వాడు. నేను తెలుగని తెలియగానే మొహం వెలిగిపోయింది. పై రెండంతస్తులు మూసేశారనీ, ఊడ్చేవాళ్ళూ లేరు, దిగేవాళ్ళూ లేరనీ చెబుతూ చూపించాడు. ఆమె కిటికీ దగ్గర నిలబడి రాసుకుంటుంటే నన్ను పక్కకి పిలిచాడు.

"సారూ, మీ కంపెనీ ఈ హోటల్ కొంటున్నదంట గదా. మా ఇకామాలు చేపిస్తరా మరి?"

కొంటే చిన్న ముక్కే కొంటామనీ, మా చేతిలో ఏమీ ఉండదనీ చెప్పాను. అతనికది సాకులా వినిపించిందని తెలుస్తూనే ఉంది. అతని కార్డు ఎప్పుడో అయిపోయింది. ఆకుపచ్చ కంపెనీకి మారిపోవచ్చు కదా అంటే, మారినవాళ్ళు మారారట, ఇతనికి ఇంకా దొరకలేదట. ఇల్లు విడిచి వచ్చేనాటికి భార్య కడుపుతో ఉంది.

"బిడ్డ పుట్టింది, నడుస్తున్నది. నేను ఇంక సూడలే. దానికి నాయిన అంటే ఫోన్ల ఉండేటోడు సారూ. ఫోన్ పక్కకు వెట్టంగనే నాయిన పండుకున్నడు అంటదంట."

తిరిగొస్తుంటే కారులో ఆమె, అతను ఏమన్నాడని అడిగింది. చెప్పాను. ఆఫీసుకి వచ్చాక నా వాల్యుయేషన్ తెరిచి చాలాసేపు చూసి, ఈ మనుషులు ఇందులో ఎక్కడున్నారు అని అడిగింది. నేను అప్పుల వైపు ఒక వరస చూపించాను. ఉద్యోగం ముగిసినప్పుడు వాళ్ళకి ఇవ్వాల్సిన గ్రాట్యుటీ. కంపెనీ ఆస్తిలోంచి తీసెయ్యాల్సిన మొత్తంగానే వాళ్ళు మా లెక్కల్లో కనబడతారు. మా వృత్తిలో అది తప్పు కాదు, పద్ధతి అదే. ఆ పద్ధతి నేర్పుతున్నప్పుడు మాత్రం ఎదుటి మనిషి మొహం చూడకుండా స్క్రీన్ వైపే చూశాను.

కొన్ని వారాల తర్వాత ఆమె తండ్రితో కలిసి ఉమ్రా యాత్రకి మక్కా వెళ్ళింది. వెళ్ళేముందు ఏం చూడాలో చెప్పమంది. ఫోటోలు ఎవరైనా తీస్తారమ్మా, నమాజు ముగిశాక లిఫ్టు దగ్గర నిలబడు అన్నాను. హోటల్ ఎలా నడుస్తోందో లిఫ్టు దగ్గర తెలిసినట్టు ఇంకెక్కడా తెలియదు. ఆమె తండ్రిని కూడా అక్కడే నిలబెట్టింది. వచ్చాక చెప్పింది, లిఫ్టు కోసం జనం లాబీ దాటి బయట మెట్లదాకా ఉన్నారట. ఇండోనేషియా ముసలమ్మల గుంపు ఒకటి తండ్రికి ఖర్జూరాలిచ్చి కబుర్లు పెట్టుకుందట. హోటల్లో కింద అంతస్తులన్నీ నిండిపోయాయి, పనివాళ్ళు లేక పైన కొన్ని మూసేశారు. కంపెనీ రిపోర్టులో మాత్రం ఆ హోటల్ పాతబడిపోయింది, గిరాకీ లేదు అని రాసి ఉంది.

ఇంకొకటి కూడా తెచ్చింది. హోటల్‌కి ఆనుకునే పెద్ద టవర్ ఒకటి లేస్తోంది. దాన్ని కడుతున్న కంపెనీ పేరున్న బోర్డుకి ఫోటో తీసింది. ఎందుకు తీశావంటే, ఆ టవర్ గోడలో మన హోటల్ వైపు తలుపు కోసం చోటు వదిలేసినట్టుంది ఉస్తాద్, అంది. నాకప్పుడు దాని అర్థం పూర్తిగా తట్టలేదు.

పెద్దాయన కొనమన్నాడు. మేం కొనడం మొదలుపెట్టాక షేరు ఇంకా పడింది. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోవాలి. చవకగా ఉన్నది ఇంకా చవక అవుతుంది, అవుతూనే ఉంటుంది, దాన్ని చూస్తూ కూర్చోవడమే ఉద్యోగంలో కష్టమైన భాగం. పెద్దాయన కొడుకులిద్దరూ ఆఫీసుకి వచ్చినప్పుడల్లా నా టేబుల్ దగ్గర ఆగి, మీ హోటల్ ఎలా ఉందని అడిగేవారు. మీ హోటల్ అనడంలోనే ఉంది సంగతంతా. మందూబ్ కూడా నా ఇకామా గడువు గురించి ఎక్కువసార్లు గుర్తుచెయ్యడం మొదలుపెట్టాడు. రాత్రి వంట చేసుకుంటూ ఆ స్థలం లెక్క మళ్ళీ మళ్ళీ మనసులో వేసుకునేవాణ్ణి. ప్రతిసారీ సరిగ్గానే వచ్చేది. సరిగ్గా వస్తున్న లెక్క అంత దిగులు పెట్టడం నాకు అదే మొదలు.

అప్పుడు నోటీసు వచ్చింది. నష్టాలు పూడ్చుకోవడానికి మక్కా హోటల్‌ని అమ్మాలని బోర్డు నిర్ణయించింది, వాటాదారులు ఆమోదించాలి. ధర అంటే కాగితాల్లో ఉన్న పాత ధరకి కాస్త పైన. ఆమె కొనబోయే కంపెనీ పేరు చదివి, తన ఫోన్‌లో ఆ ఫోటో తీసి నా ముందు పెట్టింది. పేరు అదే, పక్క టవర్ వాళ్ళదే. రెండు రోజులు వెతికి, ఆ కంపెనీలో మా హోటల్ కంపెనీ డైరెక్టర్లలో ఒకాయన బావమరిదికి వాటా ఉందని పట్టుకుంది. నేను కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాను. నేను లెక్కగట్టిన విలువ నిజమే. దాన్ని మాకంటే ముందు మరొకళ్ళు కూడా లెక్కగట్టుకున్నారు, అంతే. షేరు ఎందుకంత చవకగా ఉందో, రిపోర్టులో గిరాకీ లేదని ఎందుకు రాశారో అప్పుడు అర్థమైంది.

పెద్దాయన అప్పటికి మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఆస్పత్రిలో ఉన్నాడు. కొడుకులు ఒప్పుకుందామన్నారు. అమ్మితే వాటాదారులకి వెంటనే కొంత పంచుతారు, ఈ తలనొప్పి వదిలిపోతుందని వాళ్ళ వాదన. అది మరీ తెలివితక్కువ వాదనేమీ కాదు. నేను నా వాదన చెప్పాను. పెద్దాయన మంచంమీద కళ్ళు మూసుకుని ఉన్నాడు. చివరికి తలుపు దగ్గర నిలబడ్డ ఆమెని చూసి, "నువ్వు లిఫ్టు దగ్గర నిలబడ్డావు. నువ్వేమంటావు?" అని అడిగాడు. అమ్మడం తప్పు కాదనీ, ఈ ధరకి ఈ మనిషికి అమ్మడం తప్పనీ ఆమె అంది. ఆయన తన ఓటు వేసే అధికారం ఆమె పేరున రాయమన్నాడు. పెద్ద కొడుకు మొహం ఎర్రబడింది. గదిలోంచి వెళ్ళిపోయాడు.

మీటింగ్ ఖోబర్ హోటల్లోనే, పెళ్ళిళ్ళు జరిగే హాల్లో. మగవాళ్ళంతా ముందు, ఆడవాళ్ళకి వెనక ఒక చెక్క తెర. తెర వెనక ఆమె ఒక్కతే. నేను గోడవారన, ఆఫీసు మనిషిగా, ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆమె కోసం ప్రశ్నలు ఇంగ్లీషులో రాసిచ్చాను, ఏ పేజీలో ఏముందో గుర్తులు కూడా పెట్టి. చైర్మన్ తీర్మానం గబగబా చదివి, ప్రశ్నలున్నాయా అని ముందు వరసలకేసి చూసి, లేవన్నట్టు తల ఊపాడు. తెర వెనక మైకులో ఆమె మాట్లాడింది. మైకు పనిచెయ్యలేదు. మళ్ళీ మాట్లాడింది. ముందు వరసల్లో ఎవరికీ వినబడలేదు. చైర్మన్ చేతులెత్తమని అంటున్నాడు.

ఆమె తెర దాటి నడిచొచ్చి హాలు మధ్యలో నిలబడింది. నేనిచ్చిన కాగితాలు చేతిలో లేవు. ఆమె అడిగిన మొదటి ప్రశ్నలో అంకెలేవీ లేవు.

"మీ మక్కా హోటల్లో లిఫ్టు కోసం మా నాన్నా నేనూ చాలాసేపు నిలబడ్డాం. మాతోపాటు నిలబడినవాళ్ళంతా ఆ హోటల్లో దిగినవాళ్ళే. గిరాకీ లేదని మీ రిపోర్టు చెబుతోంది. నేను చూసింది తప్పా, మీరు రాసింది తప్పా?"

నా అరబ్బీ అంతంతమాత్రమే, అయినా ఆ మాటలు ఒక్కటీ పోకుండా అర్థమయ్యాయి. చైర్మన్, రాతపూర్వకంగా అడగండి అన్నాడు. ఆమె కూర్చోలేదు. కొనేవాళ్ళతో ఈ బోర్డులో ఎవరికి చుట్టరికం ఉందో చెప్పమంది. చుట్టరికం ఉన్నాయన ఈ తీర్మానంమీద ఓటు వెయ్యకూడదని చట్టం చెబుతోందనీ, ఆయన చెయ్యి ఇప్పుడే సగం పైకి లేచిందనీ అంది. హాల్లో ఎవరో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఖర్జూరాల వర్తకుడొకాయన, మా పెద్దాయన వయసువాడు, చేతికర్రమీద ఆనుకుని లేచాడు. ఆ పిల్లకి జవాబు చెప్పి ముందుకు వెళ్ళండి అన్నాడు. ఆయన వెనక ఇంకొకాయన లేచాడు. ఆ తర్వాత చాలామంది ఒకేసారి మాట్లాడారు, నాకు అర్థం కావడం ఆగిపోయింది. చివరికి తీర్మానాన్ని ఆ రోజుకి పక్కన పెట్టారు. బయటి సంస్థతో కొత్తగా విలువ కట్టించాకే మళ్ళీ తేవాలని రాసుకున్నారు.

ఆమె బయటికి వచ్చి నీళ్ళు అడిగింది. నా కాగితాలు ఏం చేశావమ్మా అని అడిగాను. తెర వెనక కుర్చీమీద వదిలేశానంది. భయంలో ఇంగ్లీషు అక్షరాలు ఒక్కటీ కనబడలేదట.

వరండాలో మెయింటెనెన్స్ మనిషి నిచ్చెనతో నిలబడి ఉన్నాడు. హోటల్ అమ్మిండ్రా అని అడిగాడు. అమ్మలేదన్నాను. అది మంచిదో చెడ్డదో తేల్చుకోలేక నా మొహంలోకి చూశాడు. నిజానికి నాకూ తెలియదు. అమ్మితే కాస్త డబ్బొచ్చి వాళ్ళ ఇకామాలు రెన్యూ అయ్యేవేమో. ఆ మాట ఇంతవరకూ నేను ఎవరితోనూ అనలేదు.

తర్వాత జరిగింది నెమ్మదిగా జరిగింది. కొత్త విలువ వచ్చేసరికి పక్క టవర్ వాళ్ళు వెనక్కి తగ్గారు. తర్వాతి ఎన్నికలో చిన్న వాటాదారులంతా కలిసి ఖర్జూరాల వర్తకుణ్ణి బోర్డులోకి పంపారు. ఆయన పట్టుబట్టి జుబైల్‌లో ఖాళీ స్థలం మంచి ధరకి అమ్మించాడు. ఆ డబ్బుతో లెవీ బకాయిలు కట్టారు, రిసెప్షన్‌లోకీ లెక్కల్లోకీ సౌదీ పిల్లల్ని తీసుకున్నారు. కంపెనీ ఎరుపులోంచి బయటపడింది. ఈలోపు పనివాళ్ళు చాలామంది వేరే కంపెనీలకి మారిపోయారు. మిగిలినవాళ్ళకి కార్డులొచ్చాయి. జగిత్యాల మనిషి సెలవు వీసా మీద వెళుతూ దమ్మామ్ నుంచి నాకు ఫోన్ చేశాడు. ఇంటికెళ్ళాక ఇంకోసారి చేశాడు. బిడ్డ దగ్గరికి రావట్లేదట, దూరంగా నిలబడి వీడియో కాల్ చెయ్యమని ఫోన్ చూపిస్తోందట. పక్క గదిలోకి వెళ్ళి ఫోన్‌లో మాట్లాడుతూ మెల్లగా బయటికి వచ్చాడట. అలా రెండు మూడు రోజులు చేశాక గాని ఒళ్ళోకి రాలేదట. ఇదంతా చెబుతూ నవ్వుతూనే ఉన్నాడు. నేనే మధ్యలో లైన్ సరిగ్గా లేదని చెప్పి కాసేపు ఆగాను.

షేరు లేచింది. మొదటిసారి లేవగానే కొడుకులు తమ భాగం అమ్మేసుకున్నారు. పెద్దాయన తనది ఆమె మాట విని ఉంచుకున్నాడు. అది నేను కట్టిన విలువ దాకా చేరడానికి చాలాకాలం పట్టింది, అప్పటికి నేను కాకినాడలో ఉన్నాను. కాబట్టి మిమ్మల్ని నేను అడిగేది ఇదీ: ధర తక్కువగా ఉందంటే ఎక్కడో జబ్బుంది. ఆ జబ్బు ఆస్తిలో ఉందా, ఆస్తికి కాపలా ఉన్నవాళ్ళలో ఉందా? రెండోదైతే లెక్కలు సరిపోవు, లేచి నిలబడి అడిగే మనిషొకరు కావాలి. అలాంటి మనిషి మీకు దొరక్కపోతే ఆ చవకబేరం వేరేవాళ్ళకి వదిలెయ్యండి.

మా ఆఫీసు కూడా పచ్చబడింది. నా ఉద్యోగానికి సౌదీ మనిషి ఉంది కనక నా పేరున ఇకామా ఇక నడవదు. మందూబ్‌కి నామీద అభిమానమే. కార్డులో వృత్తి మార్చి, ఖర్జూరం తోట కూలీ అని రాయిస్తే ఇంకో రెండేళ్ళు లాగించవచ్చన్నాడు. చెట్టెక్కమంటే ఏం చెయ్యాలని అడిగాను. ఎవరూ ఎక్కమనరని భరోసా ఇచ్చాడు. వద్దని, మళ్ళీ తిరిగి రాకుండా వెళ్ళిపోయే ఫైనల్ ఎగ్జిట్ ముద్ర కొట్టించుకున్నాను. పెద్దాయన కర్రసాయంతో లిఫ్టు దాకా వచ్చి సాగనంపాడు. నా చొక్కా కాలరు ఒకవైపు ముడుచుకుని ఉంటే సరిచేశాడు.

ఎయిర్‌పోర్టుకి నన్ను తానే దించుతానని ఆమె పట్టుబట్టింది. ఆ దేశంలో ఆడవాళ్ళకి లైసెన్సులు ఇవ్వడం అప్పుడే మొదలైంది. ముందు సీట్లో వాళ్ళ నాన్న, ఖతీఫ్‌లో చేపల పడవ నడిపి మానేసిన పెద్దమనిషి, తలుపు పైనున్న పట్టీని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. వెనక సీట్లో నేనూ, ఒక సూట్‌కేసూ. ఊరు దాటాక ఆమె, ఒక సిమెంటు కంపెనీ గురించి నా అభిప్రాయం అడిగింది. ఆస్తి విలువలో సగానికే దొరుకుతోంది. బ్రహ్మాండంగా ఉంది, కొనెయ్యమ్మా అన్నాను. కొననని చెప్పింది. ఎందుకు కొనవని నేను ముందుకి వంగాను. ఈసారి జబ్బు ఆస్తిలోనే ఉంది ఉస్తాద్ అని, ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. నేను ఒప్పుకోలేదు. గొంతులు పెరిగాయి. మేం ఇంగ్లీషులో ఏం పోట్లాడుకుంటున్నామో వాళ్ళ నాన్నకి తెలియదు. ఓపిగ్గా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, చివరికి మెల్లగా అరబ్బీలో ఏదో అన్నాడు.

ఆమె నాలుక కరుచుకుంది. ఏమన్నారని అడిగాను.

"ఎయిర్‌పోర్టు మలుపు ఎప్పుడో దాటిపోయాం అంటున్నారు. మీ బేరం తేలకపోతే అందరం కువైట్ వెళ్ళిపోదామా అని అడుగుతున్నారు."

ఎడారిలో వెనక్కి తిరిగే దారి చాలా దూరం వెళ్ళాక గాని రాలేదు. అక్కడ కారు తిప్పేటప్పుడు ఆమె ఒక్కక్షణం అద్దంలో నన్ను చూసింది. నేను కిటికీలోంచి చూస్తున్నట్టు నటించాను. తర్వాత, సరే, ఆ సిమెంటు సంగతి మళ్ళీ మొదట్నుంచి చెప్పమన్నాను. కారు మెల్లగా నడపమని కూడా అన్నాను.

ఆమె మెల్లగానే నడిపింది.